కోనసముద్రం ఉక్కు, ఇస్ఫహాన్ కత్తి

టిప్పు సుల్తాన్ కత్తి ఎంతకు పోయిందో ఎరుకేనా బిడ్డా? 2023 మే నెలల లండన్‌ల బోన్‌హామ్స్ వేలం కంపెనీ అమ్మకానికి పెడితె కోటీ నలభై లక్షల పౌండ్లు దాటింది. మన పైసలల్ల 140 కోట్ల పైమాటే. పదిహేను లక్షలో ఇరవై లక్షలో వస్తయని వేలం పెట్టినోళ్లే అంచనా కట్టుకున్నరు. 1799ల శ్రీరంగపట్నం పడ్డప్పుడు ఆయన సొంత మహలుల దొరికిన కత్తి అది. దాని మీద బంగారంతోని అక్షరాలు పొదిగి ఉన్నయి. పేపర్లన్ని ఆ బంగారం గురించే రాసినయి. నువ్వు గూడ ఫోన్‌ల ఆ పిడి చూసే నోరు తెరిచినవ్. తప్పు గాదు, పిడి చేసిందే నలుగురు చూసేటందుకు. కాని కత్తి ఎరిగినోళ్లు ముందుగాల పిడి చూసేటోళ్లు గాదు. ఒరల నుంచి జానెడు బయటికి గుంజి, ఎలుతురుకు వాలుగ పట్టి, ఆ ఇనుము ఒంటి మీద ఏమున్నదో చూసేటోళ్లు. ఏం చూసేటోళ్లో చెప్త. తిన్నగ చెప్పను, తొవ్వల ఆగుకుంట చెప్త. నువ్వు కూసోవాలె. ఆ కట్టె జర లోపలికి ఎగదొయ్యి.

ధరల కాడ మొదలువెట్టిన గనుక ముందు ధరల ముచ్చటే కానిద్దాం. అక్బర్ కొలువుల అబుల్ ఫజల్ అని ఉండె గదా, ఆయన తన ఆయినె అక్బరీల ఆయుధశాల పద్దు గూడ రాసిపెట్టిండు. వంపు కత్తి అర్ధ రూపాయి నుంచి 15 మొహరీల దాక. ఖంజర్ అనే బాకు అర్ధ రూపాయి నుంచి 5 రూపాయల దాక. అప్పట్ల మామూలు కూలోనికి దినానికి 2 దామ్‌లు. రూపాయికి 40 దామ్‌లు. అంటె మట్టి మోసేటోడు పది దినాల కూలి మొత్తం పెడితె ఒక నాసి రకం కత్తి చేతికొస్తది. 15 మొహరీల కత్తి కావాలంటె, మొహరీకి 9 రూపాయల లెక్కన, ఒక్క దామ్ గూడ తినకుండ ఏడేండ్లకు పైన మట్టి మొయ్యాలె. నువ్వు లెక్కలల్ల మొనగానివి గదా, కాగితం మీద వేసుకొని చూడు, నేను ఎక్కువ చెప్పిన్నో తక్కువ చెప్పిన్నో.

అక్బర్ సొంతానికి 30 ఖాసా కత్తులు ఉండె. ఒక్కొక్కదానికి ఒక పేరు, ఒక హోదా. దినానికొకటి వంతు ప్రకారం బాదుషా పడకటింటికి పోవాలె. నిన్నటిది బయటికి రావాలె. వచ్చినదాన్ని నౌకర్లు పైలంగ అందుకొని, మళ్ల దాని వంతు వచ్చేదాక దాచిపెట్టాలె. ఒక ఒరల రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు అన్నరు, ఆ మహారాజు ఒక్క పడక కాడ 30 కత్తులకు వంతులు కట్టి అన్నిటినీ ఇమిడించిండు. పెద్దోళ్ల పట్టింపులు అట్లుంటయి. హైదరాబాద్ దర్బారుల గూడ నెత్తిమీద దస్తార్, నడుముకు బగ్లూస్ పట్టీ లేకుంటె లోపలికి అడుగు పడేది గాదు. ఎంత ఉక్క పోసినా సరే, ఆ పట్టీ బిగించాలె, నజరానా పట్టుకొని వంగాలె. ఆ ముచ్చట ఇంకో రాత్రికి పెట్టుకుందాం.

కత్తి ఒంటి కాడికి వద్దాం. 9వ శతాబ్దంల బాగ్దాద్ కొలువుల అల్ కిందీ అని ఒక పండితుడు ఉండె. తత్వం రాసిండు, లెక్కలు రాసిండు, సంగీతం రాసిండు, మందుల గురించి రాసిండు. అట్లాంటాయన ఖలీఫా అల్ ముతాసిమ్ కోసం కత్తుల మీద ఒక గ్రంథం రాసిండు. ఏ దేశపు ఉక్కు ఎట్లుంటది, ఏ కత్తి మీద ఏ తీరు గీతలు తేలుతయి, ఏది పాతది ఏది కొత్తది అని జాతులు జాతులుగ విడగొట్టిండు. అంతటి తత్వవేత్త ఇనుము మీది గీతలు చదువుకుంట కూసున్నడంటె వాటిల విషయం ఉన్నట్టే గదా.

పారశీకం మాట్లాడేటోళ్లు ఆ గీతలను జౌహర్ అన్నరు. మేలైన కత్తి ఒంటి మీద, చెరువు మీదికెల్లి పిల్లగాలి పోయినప్పుడు లేచే సన్న అలల తీరు, బూడిద రంగుల వరుసలు, సుడులు కనబడ్తయి. ఎవరూ గీసింది గాదు. పైన పూసింది గాదు. ఇనుము లోపల ఉన్నదే పైకి తేలింది. కొన్ని కత్తులకైతె ఆ అలలకు అడ్డంగ, మొదటికెల్లి కొసదాక మెట్లు మెట్లుగ పట్టీలు పడ్తయి. నలభై మెట్లు అని దానికి పేరు. అది మాత్రం కమ్మరి చేతి పని. కత్తికి అడ్డంగ సన్న గాట్లు పెట్టి, మళ్ల సుత్తెతోని సాపు చేస్తె లోపలి అలలు అక్కడక్కడ ఒంగి మెట్లయితయి. పని అంత అయినంక, సాన పట్టి, నిగనిగలాడంగ మెరుగుపెట్టి, అప్పుడు అన్నభేది నీళ్లు రాసేటోళ్లు. అన్నభేది ఎరుకేనా? కిరాణ కొట్లల పచ్చగ పటికబెల్లం ముక్కలంత దొరికేది, సిరా చేసేటందుకు గూడ వాడేటోళ్లు. ఆ పులుపు తగిలితె ఉక్కుల మెత్తటి పాలు నల్లబడ్తది, గట్టి పాలు తెల్లగ నిలబడ్తది. జౌహర్ కండ్లబడ్తది. కత్తికి అసలు అలంకారం ఇదే బిడ్డా. బంగారం తర్వాత వచ్చింది. బంగారం డబ్బులున్న ఎవరైనా పెట్టిస్తరు, జౌహర్ మాత్రం ఉక్కు పుట్టుకల ఉండాలె.

ఇగ ఆ ఉక్కు యాడ పుట్టింది? అంత మన కాడనే పుట్టిందని నేను గొప్పలు చెప్పను. మధ్య ఆసియాల మెర్వ్ పట్నంల వండిన్రు, ఇరాన్‌ల గూడ వండిన్రు. కాని ఇస్ఫహాన్‌ల కత్తి కొట్టేటోడు ఏరి కోరి తెప్పించుకున్న ముద్దలల్ల మన ముద్ద ఉండె. నిజామాబాద్ జిల్లాల, కమ్మర్‌పల్లి దిక్కు, కోనసముద్రం అని ఊరు. కోనసముందర్ అని గూడ అంటరు. 1820లల్ల లాంబ్టన్ దొర సర్వేతోని తిరిగిన వాయ్సీ అనే డాక్టరు, రాళ్లు రప్పలు ఎరిగినాయన, ఆ ఊరికి వచ్చి కొలిమి కాడ నిలబడి చూసి రాసుకున్నడు. ఆయన పోయినంక 1832ల అది కలకత్త ఆసియాటిక్ సొసైటీ పత్రికల అచ్చయింది. ఆయన రాసిపెట్టబట్టి మనకు ఎరుకైంది, లేకుంటె మన కమ్మరోళ్లు కాగితం మీద పెట్టేటోళ్లా? వాళ్లకు చెయ్యే కాగితం.

పని ఎట్లనంటె చెప్త విను. మంచి బంకమట్టిల వడ్ల ఊక కలిపి పిసికి మూసలు చేసేటోళ్లు. మంటల ఊక మాడి నల్లగయి, మూస ఎంత ఎర్రగ కాగినా పగలకుండ పట్టి ఉంచేది. ఆ మూసల రెండు తీర్ల ఇనుము వేసేటోళ్లు. మెట్‌పల్లి దిక్కు ఇనుము కొంత, ఇంకో దిక్కు నుంచి తెచ్చింది కొంత, దేని పాలు ఎంతనో కట్టుగ ఉండేది. పైన గాజు పెంకులు వేసి, మూత పెట్టి, మట్టితోని మెత్తి, కొలిమిల బొగ్గుల నడుమ పేర్చేటోళ్లు. ఇగ తిత్తులు ఊదుడు మొదలు. ఎడ్ల తోలు తిత్తులు. ఒక దినం ఒక రాత్రి, 24 గంటలు, తిత్తి ఆగొద్దు. ఒకడు అలిసిపోతె ఇంకొకడు అందుకోవాలె. నీకు అద్దగంట కరెంటు పోతెనే పానం ఆగదు, వాళ్లు తెల్లందాక ఆ సెగల నిలబడ్డరు. ఆరినంక మూస పగులగొడ్తె లోపల ఉక్కు ముద్ద. అయినా పని కాలే. ఆ ముద్ద మరీ పెళుసు. మళ్ల మట్టి పూసి, మంటల పెట్టి, గంటలకొద్ది కాచి, ఆర్చి, మళ్ల కాచి, ఇట్ల మూడు నాలుగు మాట్ల చేస్తె గాని సుత్తెకు లొంగేది గాదు. సేలం దిక్కు, మైసూరు దిక్కు తొవ్వ వేరే. అక్కడ ఒక్క తీరు ఇనుముకే తంగేడు కట్టె ముక్కలు, జిల్లేడు ఆకులు పెట్టి మూస మూసేటోళ్లు. తంగేడుపువ్వు బతుకమ్మకు ఎక్కుతది, తంగేడు కట్టె కత్తికి ఎక్కింది.

వాయ్సీ పోయిన దినాలల్లనే ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి ఆ ఊర్ల మకాం వేసి ఉండె. ముద్దలు తూకం వేస్తుంటె పక్కన నిలబడి చూసేటోడు. మా దేశంల గూడ ఇట్లనే చెయ్యబోయిన్రు, కుదరలేదని ఆ డాక్టరుతోని చెప్పిండట. ఇస్ఫహాన్ యాడ, కోనసముందర్ యాడ! ఓడల, ఒంటెల మీద, ఎడ్ల బండ్ల మీద నెలలకొద్ది తొవ్వ. అంత దూరం వచ్చిన మనిషి మన కమ్మరి గుడిసె ముందర కూసుండి ముద్ద కోసం చూసిండు. ఇది చెప్తుంటె నాకు ఒళ్లు పులకరిస్తది బిడ్డా, ఎన్నిసార్లు చెప్పినా అంతే.

ఇంకొకటి. దానికి నూట అరవై ఏండ్ల ముందు, 1660లల్ల, థెవెనో అనే ఫ్రెంచి బాటసారి గోల్కొండకు పోతు పోతు మన ఇందల్వాయిల ఆగిండు. ఇక్కడ కత్తులు, బాకులు, ఈటెలు మస్తుగ చేస్తరు, ఈడికెల్లి దేశమంతకు పోతయని రాసిండు. ఇప్పుడు నువ్వు నిజామాబాద్ పోతు ఇందల్వాయిని బస్సు కిటికీలకెల్లి చూసి ఆవలిస్తవ్.

ఉక్కు ముద్ద సీమకు గూడ పోయింది. అక్కడి కమ్మరోళ్లు పాపం ఏం చేసిన్రంటె, వాళ్ల ఇనుముకు అలవాటైన తీరుగ తెల్లగ మెరిసేదాక కాచి సుత్తె దెబ్బ వేసిన్రు. ముద్ద పొడి పొడి. కొండనాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడింది. ఈ ఉక్కుల కార్బన్ నూటికి ఒకటిన్నర పాలు దాక ఉంటది. చెర్రీపండు ఎరుపు దాటొద్దు, ఎర్రటి వేడిల ఓపికగ కొట్టాలె. అప్పుడే లోపలి గట్టి రేణువులు వరుసలు కట్టి జౌహర్ నిలుస్తది. మరీ కాచితె కరిగిపోతది, గీత గూడ మిగలదు. కరెంటు ముచ్చట తేల్చిన మైకేల్ ఫారడే ఉన్నడు సూడు, ఆయన గూడ 1819 నుంచి స్టోడార్ట్ అనే లండన్ కత్తుల పనాయనతోని కలిసి మన ఉక్కు గుట్టు కోసం కొన్నేండ్లు కొలిమి కాడ కష్టపడ్డడు. ఫారడే నాయన గూడ కమ్మరే. గుట్టు పూర్తిగ దొరకలే గాని ఉక్కుల వేరే లోహాలు కలిపే చదువుకు ఆ పనే పునాది అయింది. నిన్న మొన్న 2006ల జర్మనీల డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు కత్తి ముక్కను పెద్ద సూక్ష్మదర్శినిల చూసి, లోపల కంటికి ఆనని కార్బన్ గొట్టాలున్నయని నేచర్ పత్రికల రాసిన్రు. తంగేడు, ఊక, బొగ్గు, గాలి, వీటితోని ఇంత పని!

మరి పేరెవరికి వచ్చింది? అసదుల్లాకు వచ్చింది. ఇరాన్‌ల షా అబ్బాస్ 1587 నుంచి 1629 దాక ఏలిండు. ఆయన కాలంల అసదుల్లా ఇస్ఫహానీ అని గొప్ప కత్తుల ఉస్తాదు ఉండెనంటరు. తుర్కుల సుల్తాన్ ఒక ఇనుప టోపి పంపి, దీన్ని నరికే కత్తి మీ దేశంల ఉన్నదా అన్నడట. అసదుల్లా ఒక్క వేటుకు నరికిండట. ఏం కావాలెనో కోరుకో అంటె, మా కత్తుల పనోళ్లకు పన్ను తీసెయ్యమన్నడట. కథో నిజమో, మనసు మాత్రం మంచిది. ఇగ చూడు తమాషా. ఆయన సంతకం కత్తి మీద సన్నని బంగారపు చట్రంల ఉంటది. దాని పక్కనే, అలీకి దాసుడు అబ్బాస్ అని షా ముద్ర ఉంటది. ఆ సంతకానికి గిరాకి ఎంతదాక పోయిందంటె, ఆయన పోయి వందేండ్లయినంక కొట్టిన కత్తుల మీద గూడ ఆయన సంతకమే. హిందుస్థాన్‌ల కొట్టిన కత్తుల మీద గూడ ఆయన సంతకమే. ప్రపంచంల ఉన్న అసదుల్లా కత్తులన్నీ ఒక్క మనిషి చెయ్యాలంటె మూడు నాలుగు పుట్టుకలు కావాలె. కొన్నోడు గూడ ఎరిగే కొంటుండె, పక్కోనికి చూపెట్టేటందుకు. మూసల ఉక్కు వండిన కోనసముందర్ కమ్మరోని పేరు మాత్రం ఏ కత్తి మీదా లేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇంకో పిచ్చి ముచ్చట ఉన్నది. మన ఉక్కు కోసం ఇస్ఫహానోళ్లు ఇంత దూరం వస్తుంటె, మన దక్కన్ సర్దార్లు ఏం చేసిన్రో తెలుసా? పరంగీల కత్తుల కోసం ఎగబడ్డరు. పోర్చుగీసోళ్లు ఓడలల్ల తెచ్చిన పొడుగు తిన్నని కత్తులకు మన తీరు పిడి తొడిగించుకొని, ఫిరంగీ అని పేరు పెట్టుకొని, మీసం తిప్పుకుంట తిరిగిన్రు. పొరుగింటి పుల్లకూర రుచి. కమ్మరి వాడల సూదులు అమ్మొద్దంటరు గదా, పరంగీలు అమ్మి చూపెట్టిన్రు. గిరాకి చూసి మనోళ్లు గూడ ఇక్కడనే కత్తి కొట్టి, దాని మీద సీమ ముద్రలు అచ్చుగుద్దినట్టు పొడిచి అమ్మిన్రు. ఇందాక చెప్పిన టిప్పు కత్తి గూడ, జర్మనీ కత్తుల తీరు చూసి ఇక్కడోళ్లు కొట్టిందే.

బంగారం ముచ్చట ఇప్పుడు చెప్త. నువ్వు దాని కోసమే ఆగినవని నాకు తెలువదా?

పిడి మీద, డాలు మీద బంగారం ఎక్కించేటందుకు రెండు దార్లు. ఒకటి తహ్‌నిషాన్. ఉక్కుల సన్న కాలువ తొవ్వి, కాలువ అడుగు జర వెడల్పు చేసి, బంగారు తీగె అందుల కూరి కొట్టుడు. బంగారం ఎక్కువ పడ్తది, పని ఎక్కువ పడ్తది, వందల ఏండ్లు ఊడదు. రెండోది కోఫ్త్‌గరి. ఉక్కు మీద చాకుతోని అడ్డం నిలువు సన్న గీతలు, కండ్లు గుంజేంత దగ్గర దగ్గర గీసి, గరుకు చేసి, ఆ గరుకు మీద వెంట్రుకంత తీగెను తీరుగ పరుచుకుంట సుత్తెతోని తట్టుడు. తర్వాత రాతితోని రుద్దితె తీగె ఆ గరుకును పట్టుకుంటది. తక్కువ బంగారంతోని ఎక్కువ మెరుపు. కాలం గడిస్తె అక్కడక్కడ లేచిపోతది, అప్పుడు కింద చాకు గీతలు బయటపడ్తయి. మ్యూజియంల పాత పిడి చూసినప్పుడు లేచిపోయిన చోటు చూడు, పని తీరంత అక్కడనే తెలుస్తది. ఉదయ్‌పూర్‌ల ఈనాటికీ కోఫ్త్‌గరి పనోళ్లు ఉన్నరు.

పూలు, తీగెలు ఒక దిక్కు, అక్షరాలు ఇంకో దిక్కు. ఇస్లాం లోకంల అక్షరం రాసుడే గొప్ప కళ. మసీదు గోడ మీద ఎంత నిష్టగ రాసేటోళ్లో కత్తి మీద గూడ అంత నిష్టగ రాసేటోళ్లు. ఖురాన్ 61వ సూరాల అల్లా సాయం, దగ్గరపడ్డ గెలుపు గురించి ఒక మాట ఉన్నది. అది కత్తుల మీద, జెండాల మీద, టోపీల మీద అంతట కనబడ్తది. షియాలు అలీ పేరు పిలిచే దువా రాసుకున్నరు. కొందరు బదూహ్ అని నాలుగు అక్షరాలు నాలుగు గడులల్ల వేయించుకున్నరు. ఆ అక్షరాలకు లెక్క 2, 4, 6, 8. ఎందుకు అంటె రక్షణకు. మనం గుమ్మానికి గుమ్మడికాయ కట్టమా?

కవచాల కాడ ఈ రక్షణ ముచ్చట ఇంక చిక్కగ ఉంటది. జిరహ్ అని ఇనుప రింగుల అంగీ ఉంటది. వేలకొద్ది రింగులు, ఒక్కొక్కదాన్ని నాలుగింటిల కూర్చి, కొస మీద సన్న మేకు కొట్టి బిగిస్తరు. కొన్ని అంగీలల్ల ఆ రింగు రింగు మీద పవిత్ర నామాలు అద్దిన్రు. చిటికెన వేలి గోరంత జాగల అచ్చు! ఆ అంగీ మీద చార్ ఆయినా, అంటె రొమ్ముకు, వీపుకు, రెండు పక్కలకు నాలుగు ఉక్కు పలకలు తోలు పట్టీలతోని కట్టుకునేటోళ్లు. నెత్తికి గుండ్రటి ఖుద్, పైన ములుకు, ముక్కుకు అడ్డంగ జరిపే కమ్మి, ఈకలు చెక్కేటందుకు రెండు గొట్టాలు, మెడ మీదికి రింగుల తెర. చేతికి బాజూబంద్. ఇంత ఇనుము వేసుకున్నోళ్లలనే కొందరు, లోపల ఒంటికి ఆనేటట్టు పలుచటి నూలు అంగీ తొడిగేటోళ్లు. ఆ నూలు అంగీ మీద చిన్న చిన్న గడులు గీసి మొత్తం ఖురాన్ రాసి ఉండేది. 15, 16 శతాబ్దాల నాటి అసుంటి అంగీలు హిందుస్థాన్‌ల చేసినయి ఇప్పటికీ ఉన్నయి. ఉక్కు పలక మీద నమ్మకం చాలక నూలు గుడ్డ మీద నమ్మకం పెట్టిన్రు. ఆ రాసినాయన ఎన్ని నెలలు కూసున్నడో, కలం ఎన్నిమాట్ల చెక్కుకున్నడో. నేను ఈ అంగీని తల్చుకుంటె కత్తులను మర్చిపోత.

డాలు చూడు. నడుమ నాలుగు బొడిపెలు ఉంటయి. చంద్రవంక ఒకటి, పువ్వులు మూడు, ఏదో ఒక తీరు. సోకు కోసం పెట్టిన్రనుకుంటవ్. వెనక చెయ్యి పెట్టేటందుకు తోలు పట్టీలు కట్టిన రింగులు ఉంటయి గదా, వాటి మేకులు ముందర కనబడొద్దని, గట్టిగ పట్టాలని ఆ బొడిపెలు. పని తీరి, సోకు గూడ తీరింది. గుజరాత్ దిక్కు ఖడ్గమృగం తోలును గీకి గీకి, నానబెట్టి ఎండబెట్టి, తేనె రంగుల ఎలుతురు సొచ్చేటట్టు చేసేటోళ్లు. డాలుకు అందం ఎందుకు అంటవా? యుద్ధం ఏడాదికి ఒకసారి, దర్బారు దినాం.

బాకుల కాడ దర్బారు మర్యాదే అంత. షాజహాన్ కాలంల పచ్చరాయి పిడులు ఉండె. గుర్రం తల, నీల్‌గాయి తల చెక్కి, కండ్లకు కెంపులు పెట్టి, కుందనంతోని పూలు అద్ది. ఆ జంతువు తల పిడి పెద్ద హోదా ఉన్నోళ్ల నడుముకే. చిన్న మన్సబ్‌దార్ దాన్ని చెక్కుకొని పోతె నవ్వులపాలయితడు. మన దక్కన్‌ల మాత్రం కళ వేరే దిక్కు పోయింది. 16వ శతాబ్దం రెండో సగంల బీజాపూర్‌లనో గోల్కొండలనో చేసిన ఒక బాకు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంల ఉన్నది. రాగి పిడి, బంగారు పూత, కెంపులు. పిడి చుట్టు మకరం అంటవో డ్రాగన్ అంటవో తోక చుట్టుకొని, సింహం మీద పడ్తది. ఆ సింహం జింక మీద పడ్తది. పైన ఒక పక్షి ఉంటది, దాంట్ల గరుత్మంతుని పోలిక ఉన్నదని చూసినోళ్లు అంటరు. బీజాపూర్ ఏలిన మొదటి అలీ ఆదిల్ షా, 1558 నుంచి 1580 దాక ఏలినాయన, ఆయన బొమ్మలల్ల అసుంటి బాకు నడుముకు ఉంటది. మన గుడి కంబాలు చూసి పెరిగిన చెయ్యి సుల్తాన్ బాకుకు పనిచేస్తె అట్లనే ఉంటది. ఆ బీజాపూర్‌లనే మలిక్ ఎ మైదాన్ ఫిరంగి ఉన్నది, 1549ల పోసింది, మూతి సింహం నోరు. కోరల నడుమ ఏనుగు నలుగుతుంటది. ఎదుటోడు గుండు రాకముందే బెదిరిపోవాలని.

ముచ్చట ఊర్లకెల్లి దూరం పోయింది, మళ్ల ఊర్లకు వద్దాం. పీర్ల పండుగకు గుండం కాడ మలీద తిని, అసోయ్ దూలా ఆడినోనివి గదా నువ్వు. పీరును ఎప్పుడన్న కండ్లు పెట్టి చూసినవా? పట్టుబట్టలు పక్కకు జరిపి చూడాలె. కొన్ని అలంలకు, పీర్లనే అట్ల గూడ అంటరు, పైన రెండు కొసలు చీలి ఉంటయి. అది జుల్ఫికర్, బదర్ యుద్ధంల దొరికి, ప్రవక్త చేతికెల్లి అలీ చేతికి వచ్చిందని చెప్పే కత్తి. రెండు నాలుకల కొస వేసి దాన్ని చూపెడ్తరు. మొగలుల కాడ, దక్కన్‌ల నిజం కత్తులకు గూడ కొస అట్ల చీల్చి చేయించుకున్నోళ్లు ఉన్నరు. మొహమ్మద్ కులీ కుతుబ్ షా 1594ల హైదరాబాద్‌ల బాద్‌షాహీ ఆషుర్‌ఖానా కట్టించిండు. సుల్తాన్ల కాలంల ఉక్కుతోని జాలీ పని చేసిన అలంలు వచ్చినయి. అక్షరాలే కోసి, అక్షరాలే నిలబెట్టి, పక్కల డ్రాగన్ తలలు పెట్టి. పట్నంల మొదలైన ఆ పని మెల్లగ ఊర్లకు దిగింది. కత్తి కొట్టే చేతులకు కత్తి పని తగ్గినా పీరు పని తగ్గలేదు. మా ఊర్ల పీరు ఎత్తేటోళ్లల్ల ముస్లిములకన్న మనోళ్లే ఎక్కువ ఉండేటోళ్లు. మొక్కుకున్నోనికి కులం యాడిది?

పట్నంల బార్కస్ అరబ్బుల నడుముకు జంబియా అనే బాకు ఉండేది. హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు సిపాయిలుగ వచ్చినోళ్ల వంశాలు. వంపు ఒర నడుము ముందర నిలువుగ ఉంటది. అది వాళ్లకు ఆయుధం ఎంతో, మర్యాద అంత.

ఈ కత్తుల పని ఎట్ల పోయిందంటె ఒక్క దెబ్బకు పోలే. తుపాకి వచ్చి కత్తిని దర్బారుకు పంపింది. 1856ల బెస్సెమర్ సీమల ఉక్కును టన్నులకొద్ది పోసే తొవ్వ కనుక్కున్నడు, మూసల ముద్ద ధరకు నిలబడలే. 1878ల ఇంగ్లీషోళ్లు ఆయుధాల చట్టం తెచ్చిన్రు, లైసెన్సు లేకుండ కత్తి పట్టొద్దు. పంజాబ్‌ల కోఫ్త్‌గరి పనోళ్లు పాపం పెట్టెలు, పళ్లాలు, సిరాబుడ్లు చేసుకుంట బతికిన్రు. ఇరాన్‌ల కజార్ రాజుల కాలంల వేషాలకు, ఊరేగింపులకు, కొనుక్కపోయే దొరలకు పలుచటి రేకు కవచాలు, కొమ్ముల రాక్షసి మొహం టోపీలు చేసిన్రు. బంగారం నిండుగ ఉంటది, కత్తి వేటుకు ఆగవు. పైన పటారం, లోన లొటారం.

సాలార్‌జంగ్ మ్యూజియంకు తీసుకపోత అన్న గదా, పోదాం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగేసినయి, 1951ల జనానికి తెరిచిన్రు. గడియారం గంట కొట్టేటప్పుడు అందరు అక్కడికి ఉరుకుతరు, ఆయుధాల గది ఖాళీ అయితది. అప్పుడు మనం పోవాలె. పిడి ముందు చూడకు. కత్తి మీద ఎలుతురు యాడ పడ్తదో చూసి, ఆ పక్కకు వంగి నిలబడు. జౌహర్ ఉంటె మెల్లగ తేల్తది. తొందరపడ్తె కనబడదు.

ఆ తర్వాత కోనసముందర్ పోదాం. 2010ల ఇంగ్లాండ్ ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు, బెంగుళూరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వాళ్లు కలిసి ఉత్తర తెలంగాణ ఊర్లు తిరిగి, ఇనుము ఉక్కు పని జరిగిన చోట్లు వందలకొద్ది గుర్తుపట్టిన్రు. చెలకల గట్లమీద, చెరువు కట్టల కింద చిట్టెపు రాళ్లు, మూస పెంకులు ఉన్నయి. మూస పెంకు ఎట్ల గుర్తుపడ్తవంటె, మందంగ నల్లగ ఉంటది, బయటి దిక్కు గాజు కారినట్టు మెరుస్తది, విరిగిన చోట దగ్గర పెట్టి చూస్తె వడ్ల ఊక పడ్డ అచ్చులు సన్న సన్నగ కనబడ్తయి. దొరికితె జేబుల వేసుకోకు. ఎక్కడిదక్కడనే ఉంచి, ఫోటో తీసి, అది ఎవరి చెలకనో, ఏ గట్టో, ఏ చెట్టు కాడనో రాసుకొని రా.